లాటరీలో ఛాన్స్ వేరు, రాబడి వేరు: మట్కా జోడి నుంచి గల్ఫ్ జాక్‌పాట్ దాకా లెక్కలు

2025 అక్టోబరులో అబుదాబిలో ఉండే ఒక తెలుగు కుర్రాడికి యూఏఈ లాటరీలో 10 కోట్ల దిర్హామ్‌లు తగిలాయి. మన లెక్కలో దాదాపు 240 కోట్ల రూపాయలు. కడప జిల్లాలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరైనా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఖతార్‌లోనో ఉంటారు కాబట్టి ఆ వార్త ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో గిరగిరా తిరిగింది. వెనకాలే ప్రశ్నలు. మనం ఇక్కడి నుంచి కొనొచ్చా? కేరళ టికెట్ అయితే ఎట్లా? ఎక్కువ టికెట్లు కొంటే ఛాన్స్ పెరుగుతుందా? మట్కాలో రోజూ ఎవరో ఒకరికి తగులుతూనే ఉంది కదా, దానికంటే ఇది నయమా?

వినడానికి అన్నీ ఒకే ప్రశ్నలా ఉంటాయి గానీ ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి. గెలిచే అవకాశం ఎంత, పెట్టిన రూపాయిలో సగటున వెనక్కి వచ్చేది ఎంత, గెలిచాక నిజంగా ఇస్తారా, ఆ ఆట మన దగ్గర చట్టానికి లోబడి ఉందా. టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేటప్పుడు ఈ నాలుగూ కలిసిపోతాయి, బహుమతి అంకె చెప్పగానే మిగతా మూడు ఎవరికీ గుర్తుండవు.

డబ్బు, అదృష్టం, బహుమతి: మూడూ ఉంటేనే లాటరీ

మన దేశంలో లాటరీలకు మూలం 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం. దాని ప్రకారం ఏ పేరు పెట్టినా సరే, టికెట్ కొన్నవాళ్లలో కొందరికి అదృష్టాన్ని బట్టి బహుమతి పంచే పథకం లాటరీయే. అంటే డబ్బు కట్టాలి, ఫలితం అదృష్టం మీద ఆధారపడాలి, చివర్లో బహుమతి ఉండాలి. తిరుమల సుప్రభాతం, తోమాల సేవలకు టీటీడీ ఆన్‌లైన్‌లో తీసే లక్కీ డిప్‌లో పేరు రాసుకోవడానికి ఏమీ కట్టక్కర్లేదు, ఎంపికైతేనే సేవ టికెట్ డబ్బు కడతాం. అదృష్టం ఉంది, పోగొట్టుకునేది లేదు, కాబట్టి అది జూదం కాదు.

దీనికి పూర్తిగా రివర్స్‌లో ఉండేది ఊళ్లలో నడిచే 'స్కీమ్'. నెలకు వెయ్యి, 20 నెలలు, వెయ్యి మంది సభ్యులు, నెలనెలా డ్రా తీసి ఒకరికి బైక్, తగిలినవాళ్లు ఇక కట్టక్కర్లేదు, మిగిలినవాళ్లకు ఆఖర్లో బీరువానో ఫ్రిజ్జో. మొదటి నెలే 10 లక్షలు వసూలవుతాయి, బైక్‌కు లక్ష పోయినా నిర్వాహకుడి చేతిలో 9 లక్షలు మిగులుతాయి. ఆఖరి బీరువాల ఖర్చు ఎక్కడో 20 నెలల తర్వాత. మధ్యలో దుకాణం ఎత్తేయడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. ఇలాంటి ప్రైజ్ చిట్లను 1978 చట్టం నిషేధించింది. మామూలు రిజిస్టర్డ్ చీటీ వేరు. అందులో ఎవరి డబ్బు వాళ్లకు వస్తుంది, ముందా వెనకా అన్నదే తేడా.

ఎంతమందిలో ఒకరు?

లాటరీల్లో రెండు జాతులు. కేరళది టికెట్ లాటరీ, ముందే నంబర్లు అచ్చేసి అమ్ముతారు, అమ్ముడైన వాటిలో ఒకదానికి మొదటి బహుమతి పోతుంది. ఇక్కడ మన ఛాన్స్ తేల్చేది అమ్ముడైన టికెట్ల సంఖ్య. 2022 ఓనం బంపర్‌కు టికెట్ ధర 500, మొదటి బహుమతి 25 కోట్లు, అమ్ముడైనవి దాదాపు 66.5 లక్షలు. అంటే మొదటి బహుమతికి 66.5 లక్షల్లో ఒకటి.

రెండోది మనమే నంబర్లు ఎంచుకునే ఆట. ఇందులో టికెట్లు ఎన్ని అమ్ముడైనా మన ఛాన్స్ మారదు, ఎన్ని రకాల కూర్పులు సాధ్యమో దాన్ని బట్టే ఉంటుంది. చిన్న ఉదాహరణ చూద్దాం. 1 నుంచి 5 దాకా ఉన్న అంకెల్లో రెండు ఎంచుకోవాలి, వరుసతో పని లేదు. మొదటిదానికి 5 దారులు, రెండోదానికి 4, మొత్తం 20. కానీ 2-5, 5-2 ఒకటే కాబట్టి సగం చేస్తే 10. ఒక టికెట్ కొంటే పదింట ఒకటి. అబుదాబి తెలుగు కుర్రాడికి తగిలిన ఆటలో 31 అంకెల్లో 6, దాంతోపాటు 12లో 1 ఎంచుకోవాలి. అదే పద్ధతిలో లెక్క కడితే 31లో 6 ఎంచుకోవడానికి 7,36,281 దారులు, దాన్ని 12తో గుణిస్తే 88,35,372. జాక్‌పాట్ తగలాలంటే అన్నిట్లో మనది ఒక్కటి.

88 లక్షలు అంటే మనసుకు ఏమీ అనిపించదు. 2011 జనాభా లెక్కల్లో పాత కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాలూ కలిపితే కోటీ పది లక్షల మంది. మంత్రాలయం నుంచి హిందూపురం దాకా, అక్కడి నుంచి బద్వేలు దాకా పసిపిల్లలతో సహా ప్రతి మనిషి పేరూ చీటీ రాసి వేసి, ఒక్క చీటీ తీయడం ఇంచుమించు ఆ స్థాయి. 49లో 6 ఎంచుకునే పాత తరహా ఆటలో అయితే 1,39,83,816లో ఒకటి, దానికి చిత్తూరు జిల్లాను కూడా కలుపుకోవాల్సి వస్తుంది. అమెరికా పవర్‌బాల్‌లో 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి, దాని సంగతి వదిలేద్దాం.

రెండు వారాలకో డ్రా చొప్పున ప్రతి డ్రాకూ ఒక టికెట్ కొనుక్కుంటూ పోతే సగటున 3 లక్షల 40 వేల ఏళ్లకు ఒకసారి తగులుతుంది. అయినా ఎవరో ఒకరికి తగలడంలో వింతేమీ లేదు. లక్షల టికెట్లు అమ్ముడయ్యే చోట 'ఎవరికో ఒకరికి' అన్న ఛాన్స్ పెద్దది, 'నాకు' అన్న ఛాన్స్ చిన్నది. వార్త మొదటిదాని గురించి వస్తుంది, మనం రెండోదాని గురించి చదువుకుంటాం.

పెట్టిన రూపాయిలో ఎంత వెనక్కి?

ఛాన్స్‌ను బహుమతితో గుణిస్తే ఒక టికెట్‌కు సగటున వచ్చేది తెలుస్తుంది. గల్ఫ్ ఆటలో అప్పటి 10 కోట్ల దిర్హామ్‌లను 88.35 లక్షలతో భాగిస్తే సుమారు 11 దిర్హామ్‌లు, అప్పటి టికెట్ ధర 50. ఓనం బంపర్‌లో 25 కోట్లను 66.5 లక్షలతో భాగిస్తే దాదాపు 38 రూపాయలు, టికెట్ ధర 500. ఇవి మొదటి బహుమతి ఒక్కదానికే, కింది బహుమతులు కలిపితే కొంత పెరుగుతుంది. అయినా కట్టిన దానికి బాగా తక్కువే, తక్కువ ఉంటేనే లాటరీ నడుస్తుంది. ఏజెంట్ల కమీషన్, ప్రింటింగ్, ప్రభుత్వ ఆదాయం, జీఎస్టీ అన్నీ ఆ తేడాలోంచే రావాలి. లాటరీ మీద జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం.

మట్కాలో వందమంది, ఏడాది పాటు

ఇప్పుడు మన సీమ ఆట మట్కాకు వద్దాం. ముంబైలో న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్ పత్తి ధరల మీద పందెంగా మొదలై, 1960ల్లో కుండలోంచి చీటీలు తీసే ఆటగా మారింది. పత్తి యార్డుకు పేరున్న ఆదోనిలో కూడా ఇది ఇంతగా వేళ్లూనడం చూస్తే నవ్వొస్తుంది. ఆదోని అనే కాదు, గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరు, ఏ ఊరి పేపర్లోనైనా 'మట్కా బీటర్ల అరెస్టు' అన్న వార్త కనపడుతూనే ఉంటుంది. బీటర్ అంటే చీటీ రాసి దుడ్లు వసూలు చేసేవాడు, పైన కంపెనీ నడిపేవాడు వేరు.

ఆట ఇలా ఉంటుంది. మూడు అంకెలు తీసి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె ఓపెన్. ఉదాహరణకు 3, 6, 8 వస్తే మొత్తం 17, ఓపెన్ 7. తర్వాత అలాగే ఇంకో మూడు తీస్తే క్లోజ్. రెండూ కలిస్తే జోడి, 00 నుంచి 99 దాకా. సింగిల్‌కు ఛాన్స్ పదింట ఒకటి, జోడికి వందలో ఒకటి. సింగిల్ తగిలితే రూపాయికి 9, జోడికి 80 నుంచి 90 దాకా ఇస్తారు. జోడికి 80 అనే అనుకుందాం.

వందమంది రోజూ 10 రూపాయల చొప్పున ఒక జోడి ఆడతారు, ఏడాది పాటు. మొత్తం కట్టింది 3,65,000. మొత్తం 36,500 చీటీల్లో సగటున 365 తగులుతాయి, ఒక్కోదానికి 800 చొప్పున 2,92,000 వెనక్కి వస్తుంది. కంపెనీ దగ్గర ఆగేది 73,000. ఒక్కొక్కరికి సగటు నష్టం 730 రూపాయలు, ఏడాది మొత్తానికి. ఇంతేనా అనిపిస్తుంది కదా? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆ వందమందీ సమానంగా నష్టపోరు. మనిషికి ఏడాదిలో సగటున మూడు నాలుగు సార్లు తగులుతుంది, ఐదు అంతకంటే ఎక్కువ సార్లు తగిలినవాళ్లు లాభంలో ఉంటారు. లెక్క కడితే అలాంటివాళ్లు సుమారు 30 మంది! ఇద్దరు ముగ్గురికి మాత్రం ఏడాదంతా ఒక్కసారి కూడా తగలదు. అంటే ఏ వీధిలో చూసినా 'నేను లాభంలోనే ఉన్నా' అని నిజాయితీగా చెప్పగలిగేవాళ్లు ముగ్గురిలో ఒకరు దాకా ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మిగిలిన 70 మంది ఇంట్లో పెళ్లాం పిల్లలకు కూడా చెప్పుకోరు. అదే ఆటను ఐదేళ్లు లాగితే లాభంలో మిగిలేవాళ్లు సుమారు పదహారు మందికి పడిపోతారు, ఇంకా లాగితే ఇంకా తగ్గుతారు. ఆట ఎంత పొడవైతే కంపెనీ శాతం అంత గట్టిగా పట్టుకుంటుంది.

ఇందులో ఇంకో ఇబ్బందికరమైన నిజం ఉంది, దాచడం ఎందుకు? శాతం ఒక్కటే చూస్తే మట్కా ప్రభుత్వ లాటరీ కంటే ఎక్కువ వెనక్కి ఇస్తుంది, రూపాయిలో 80 పైసలు. పన్ను లేదు, ప్రింటింగ్ లేదు కాబట్టి ఇవ్వగలదు. కానీ ఏడాదికో బంపర్ టికెట్ కొని 500 పోగొట్టుకోవడం వేరు, కూలి డబ్బులు రాగానే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తగలకపోతే మరుసటి రోజు రెట్టింపు రాయడం వేరు. నేను పైన వేసిన లెక్క రోజుకు పది రూపాయల దగ్గరే నిలబడే మనిషిది. అలాంటి మనిషి మట్కాలో అరుదు. పైగా నంబరు నిజంగా అదృష్టం మీదే తీశారని అనుకుని వేసిన లెక్క అది. ఏ నంబరు మీద ఎంత పడిందో ముందే తెలిసిన కంపెనీ ఏ నంబరు తీయాలనుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. తగిలాక కంపెనీ ఇవ్వకపోతే కోర్టుకు పోయే దారి కూడా లేదు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది.

'చాలా రోజులుగా రాలేదు, ఈ రోజు గ్యారంటీ'

పాత మట్కా నంబర్ల చార్టులు అమ్మేవాళ్ల వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. 20 ఆటల్లో 7 అనే అంకె రాలేదు కాబట్టి ఇప్పుడు రావాలి అంటారు. ఒక ఫలానా అంకె 20 సార్లలో ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం వందకు 12. కానీ పది అంకెల్లో ఏదో ఒకటైనా 20 ఆటల్లో రాకుండా ఉండిపోయే అవకాశం వందకు 78కి పైనే! కాబట్టి ఏ రోజు చార్టు తెరిచినా 'బాకీ ఉన్న' అంకె ఒకటి దాదాపుగా దొరుకుతుంది. దొరికిన ఆ అంకెకు తర్వాతి ఆటలో ఛాన్స్ ఎంత? ఎప్పటిలాగే పదింట ఒకటి. చీటీకి నిన్న ఏం వచ్చిందో తెలియదు.

లాటరీ వద్దన్న రాష్ట్రంలో 89,882 దరఖాస్తులు

ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ టికెట్లు అమ్మరు. కానీ 2024 అక్టోబరులో 3,396 మద్యం షాపులను డ్రా తీసి కేటాయించారు. దరఖాస్తుకు 2 లక్షలు, తగలకపోతే తిరిగి రావు. వచ్చినవి 89,882 దరఖాస్తులు, ఆ రుసుం ద్వారానే ప్రభుత్వానికి చేరింది సుమారు 1,797 కోట్లు. సగటున షాపుకు 26 మందికి పైగా పోటీ, అంటే ఒక్కో షాపు వెనక 53 లక్షల దరఖాస్తు రుసుం ఉన్నట్టు.

ఎక్కువ టికెట్లు కొంటే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇదే మంచి ఉదాహరణ. ఒక షాపుకు 27 దరఖాస్తులు పడ్డాయనుకుందాం, అందులో 10 మీ సిండికేట్‌వే. ఛాన్స్ వందకు 37. అవే 10 దరఖాస్తులను, ఒక్కోదానికి 27 చొప్పున పడిన 10 వేర్వేరు షాపులకు ఒక్కొక్కటి వేస్తే? చాలామంది అదే 37 అంటారు. కాదు, కనీసం ఒక్కటైనా తగిలే అవకాశం 31 మాత్రమే. తగ్గిన భాగం ఎక్కడికీ పోలేదు, రెండు మూడు షాపులు తగిలే అవకాశంగా మారింది. రెండు పద్ధతుల్లోనూ సగటు ఒకటే. లాటరీ టికెట్లకూ ఇదే వర్తిస్తుంది: ఒకే డ్రాకు పది కొంటే ఛాన్స్ సరిగ్గా పదింతలు, నష్టం కూడా పదింతలు, రూపాయికి వచ్చే సగటు మాత్రం పైసా మారదు.

ఇది జూదమా అని అడిగితే రెండు వాదనలున్నాయి. వేలం పెడితే ధరలు పెరిగి, ఆ భారం తాగేవాడి మీద పడుతుంది, లేదా పెద్దలు కుమ్మక్కై పంచుకుంటారు, డ్రా అయితే అందరి కళ్లముందే తీస్తారు అనేది ఒకటి. ఓడినవాళ్ల దగ్గర లక్షలు ఉంచుకునే డ్రాకు ఏ పేరు పెట్టినా ఓడినవాడికి తేడా ఏముంది అనేది రెండోది. చట్టం దృష్టిలో ఇది లైసెన్సు ఇచ్చే పద్ధతి. నాకైతే రెండో వాదనలో పస కనిపిస్తుంది గానీ, ఒక సంగతి ఒప్పుకోవాలి: ఇక్కడ ఎన్ని దరఖాస్తులు, ఎన్ని షాపులు అన్న లెక్క బయటికి తెలుస్తుంది.

ఆ లెక్క తెలియకపోతే ఎలా ఉంటుందో చూడాలంటే తొలకరిలో జొన్నగిరి, తుగ్గలి వైపు వెళ్లాలి, లేదా వజ్రకరూరు. వాన పడగానే ఎక్కడెక్కడి నుంచో వచ్చి పొలాల్లో వంగి వజ్రాల కోసం వెతుకుతారు. ఫలానా కూలీకి దొరికింది, వ్యాపారి ఇన్ని లక్షలు, ఇంత బంగారం ఇచ్చాడు అన్న వార్త వస్తుంది. దొరికినవాళ్లు వార్తలో ఉంటారు, వారాల తరబడి వెతికి ఖాళీ చేతులతో బస్సెక్కినవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. 'ఎంతమందిలో ఒకరు' అన్న దాంట్లో ఆ 'ఎంతమంది' తెలియనప్పుడు ఛాన్స్ అన్న మాటకే అర్థం లేదు.

ఎక్కడ కొనొచ్చు, ఎక్కడ కొనకూడదు

1998 చట్టం రాష్ట్రాలకు రెండు అధికారాలిచ్చింది: లాటరీ నడుపుకోవచ్చు, ఇతర రాష్ట్రాల టికెట్లను తమ దగ్గర నిషేధించనూ వచ్చు. ముందుగా ప్రకటించిన నంబరు మీద గానీ, ఒంటి అంకె మీద గానీ బహుమతి ఇవ్వకూడదని అదే చట్టం చెబుతుంది, మట్కా సింగిల్ లాంటిది ప్రభుత్వం కూడా నడపకూడదన్నమాట. మన దగ్గర మట్కాకు 1974 గేమింగ్ చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని చేర్చారు, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, రమ్మీతో సహా, నిషేధించింది. బళ్లారి పోతే టికెట్ దొరుకుతుందేమో అనుకునేవాళ్లకు: కర్ణాటకలో 2007 నుంచి, తమిళనాడులో 2003 నుంచి లాటరీ నిషేధం.

కేరళ 1967 నుంచి నడుపుతోంది, ప్రైవేటు లాటరీలను ఆపి ప్రభుత్వమే చేపట్టింది. నిషేధిస్తే ఆట ఆగదు, దొంగచాటు చేతుల్లోకి పోతుంది, ఆ డబ్బేదో కారుణ్య నిధి ద్వారా పేదల వైద్యానికి, వికలాంగులైన టికెట్ అమ్మకందార్ల బతుకుకు పనికొస్తుంది అంటారు అక్కడ. కొనేది ఎక్కువగా పేదలే, పేదల మీద వేసిన పన్నుతో పేదలకే సాయం చేయడం ఏం గొప్ప అన్నది ఎదుటివాళ్ల మాట. మట్కా ఆగని సీమను చూస్తే మొదటి వాదన తేలిగ్గా కొట్టిపారేయలేం. టికెట్ దొరకడం మొదలైతే మట్కా ఆగుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

కేరళ టికెట్ కాగితం మీదే ఉంటుంది, కేరళలోనే అమ్మాలి. వాట్సాప్‌లో 'కేరళ లాటరీ ఆన్‌లైన్' అని వచ్చేది అమ్మకం కాదు, మోసం. మనం కొనని టికెట్‌కు 25 లక్షలు తగిలాయి, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అనే మెసేజ్‌కు లెక్కలు కూడా అక్కర్లేదు.

గెలిస్తే చేతికి ఎంత?

2022 ఓనం బంపర్ 25 కోట్లే తీసుకుందాం. ఏజెంటు కమీషన్ 10 శాతం పోతే 22.5 కోట్లు. దాని మీద 30 శాతం ఆదాయపు పన్ను, 6.75 కోట్లు ముందే కోసేసి 15.75 కోట్లు ఇస్తారు. కథ అక్కడితో అయిపోలేదు, ఆ పన్ను మీద అప్పట్లో 37 శాతం సర్‌చార్జి, రెండిటి మీద 4 శాతం సెస్. చివరికి మిగిలేది 12.88 కోట్లు, చెప్పిన దాంట్లో సగానికి కాస్త పైన. కొత్త పన్ను విధానంలో సర్‌చార్జి 25 శాతం దాటదు కాబట్టి 13.72 కోట్ల దాకా రావచ్చు. మామూలు ఆదాయానికి ఉండే మినహాయింపు పరిమితి దీనికి వర్తించదు. ఏడాదిలో టికెట్లకు 20 వేలు పెట్టి 12 వేలు గెలిచినా, 20 వేలు చూపించి తగ్గించుకోవడానికి లేదు, 12 వేల మీద పన్ను కట్టాల్సిందే.

గల్ఫ్ టికెట్ సంగతి వేరు. ఇక్కడ కూర్చుని మన డబ్బు పంపి విదేశీ లాటరీ టికెట్ కొనడం విదేశీ మారక ద్రవ్య నిబంధనల ప్రకారం నిషేధం, లక్కీ డ్రా అన్నా స్వీప్‌స్టేక్స్ అన్నా అదే. అన్న అక్కడ ఉద్యోగం చేస్తూ తన జీతంతో కొంటే అది అన్న టికెట్. యూఏఈలో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, అన్న ఆ ఏడాది ప్రవాసిగానే ఉంటే అక్కడ గెలిచిన దానికి ఇక్కడ కూడా పన్ను పడదు. తర్వాత అన్న తన ఇష్టంతో తమ్ముడికి పంపితే అది తోబుట్టువు ఇచ్చిన బహుమతి కిందికి వస్తుంది, తమ్ముడు దాని మీద పన్ను కట్టక్కర్లేదు. 'సగం నాది' అని ముందు అనుకున్న మాట మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు, టికెట్ ఎవరి పేరు మీద ఉంటే బహుమతి వాళ్లకే ఇస్తారు.